చెరువు పక్క ప్లాటు కొనేముందు ఎఫ్‌టీఎల్ గీత ఎక్కడుందో తేల్చుకోండి

2024 జూలై 19న జీవో 99 వచ్చి, చెరువులనూ ప్రభుత్వ ఆస్తులనూ కాపాడే సంస్థగా హైడ్రా ఏర్పడింది. ఆ తర్వాత నెల తిరిగేసరికి హైదరాబాద్‌లో ఇళ్లూ ప్లాట్ల సంగతి ఎక్కడ వచ్చినా ఎఫ్‌టీఎల్ మాట వినపడింది. చాలామంది ఇది కొత్త రూలు అనుకున్నారు. కాదు. చెరువు చుట్టూ ఎంత దూరం వదలాలో 2012 ఏప్రిల్ 7 నాటి జీవో 168లోనే అంకెలతో సహా ఉంది. కొత్తగా వచ్చింది అమలు. పన్నెండేళ్లు కాగితం మీద పడి ఉన్న రూలుకు ఒక్కసారిగా జేసీబీ తోడైంది. ఆ పన్నెండేళ్లలో అమ్మినవాళ్లు డబ్బు తీసుకుని వెళ్లిపోయారు, కొన్నవాళ్లు మిగిలారు. అందుకే కొనబోయేవాళ్ల కోసం ఈ పోస్టు. ఇప్పటికే కొని నోటీసు అందుకున్నవాళ్లకు పనికొచ్చే సంగతులు చివర్లో ఉన్నాయి.

ముందు ఎఫ్‌టీఎల్ అంటే ఏమిటో చూద్దాం. ఫుల్ ట్యాంక్ లెవెల్. చెరువు నిండి, అలుగు అంచుకు నీళ్లు తాకినప్పటి మట్టం అది. తెలంగాణ పల్లెల్లో మత్తడి అంటారు, అదే అలుగు. మత్తడి దుంకుతోంది అంటే నీళ్లు ఎఫ్‌టీఎల్ దాటాయని అర్థం. ఆ మట్టం దగ్గర నీళ్లు నేలను తాకే చోట్లన్నీ కలిపి గీసిన గీతే ఎఫ్‌టీఎల్ హద్దు. ఎండాకాలంలో చెరువు ఎక్కడిదాకా ఉందో చూసి, మన ప్లాటు దూరంగానే ఉంది కదా అనుకోవడం ఎందుకు తప్పో ఇక్కడే తెలుస్తుంది. హద్దును తేల్చేది అలుగు ఎత్తు. ఇవాళ చెరువులో ఎన్ని నీళ్లున్నాయో దానికి సంబంధం లేదు.

ఆ గీత నుంచి బయటికి బఫర్ మొదలవుతుంది, అంటే ఏమీ కట్టకుండా వదలాల్సిన జాగా. చెరువు విస్తీర్ణం 10 హెక్టార్లు, అంతకు మించి ఉంటే 30 మీటర్లు. 10 హెక్టార్ల లోపు చెరువులు, కుంటలు, శిఖం (చెరువు గర్భం) భూములకు 9 మీటర్లు. కాలువ, వాగు, నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే హద్దు నుంచి 9 మీటర్లు, 10 మీటర్ల లోపు అయితే 2 మీటర్లు. నదికి మున్సిపల్ పరిధిలో 50 మీటర్లు, బయట 100 మీటర్లు. ఇవి తెలంగాణ లెక్కలు. ఆంధ్రప్రదేశ్‌లో 2017 నాటి జీవో 119 భవన నిబంధనలు వేరుగా ఉన్నాయి కాబట్టి విజయవాడలోనో గుంటూరులోనో కొనేవాళ్లు ఈ అంకెలు పట్టుకుని వెళ్లకండి, అక్కడి నిబంధన చదవండి.

10 హెక్టార్లంటే 24.71 ఎకరాలు. మన లెక్కలో 24 ఎకరాల 28 గుంటలకు కాస్త పైన. ఈ అంకె గుర్తుంచుకోండి, ఎందుకంటే బేరమంతా దీని చుట్టూనే తిరుగుతుంది. చెరువు 25 ఎకరాలా, 24 ఎకరాలా అన్న తేడాతో బఫర్ 30 మీటర్ల నుంచి 9 మీటర్లకు పడిపోతుంది. ఊరి రికార్డులో శిఖం 18 ఎకరాలే ఉంది, కాబట్టి మనకు 9 మీటర్లే అని వెంచర్ వాళ్లు చెబుతారు. రికార్డులో శిఖం అని రాసిన సర్కారు భూమి వేరు, నీళ్లు నిలిచే మొత్తం విస్తీర్ణం వేరు. నీళ్ల కింద పట్టా భూములు కూడా ఉంటాయి. అవి కలిస్తే 18 ఎకరాల చెరువు 30 ఎకరాలు కావచ్చు. చూడాల్సింది ఎఫ్‌టీఎల్ విస్తీర్ణం.

ఇప్పుడు ఒక 200 గజాల ప్లాటు తీసుకుందాం. వెడల్పు 30 అడుగులు, లోతు 60 అడుగులు, వెనక వైపు చెరువు. చెరువు 10 హెక్టార్లు దాటినది. ఎఫ్‌టీఎల్ గీత ప్లాటు వెనక హద్దుకు ఇంకా 50 అడుగుల అవతల ఉంది. వినడానికి సురక్షితంగానే ఉంటుంది. కానీ 30 మీటర్లంటే 98.4 అడుగులు. అందులో 50 తీసేస్తే 48.4 అడుగులు మీ ప్లాటులోకి చొచ్చుకొస్తాయి. మీకు మిగిలేది ముందున్న 11.6 అడుగులు. బఫర్‌లో వదిలిన జాగాను సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) కింద లెక్కలో చూపడానికి వీల్లేదు. అంటే ఆ 11.6 అడుగుల్లోంచే ముందూ వెనకా సెట్‌బ్యాక్‌లు తీయాలి. ఇల్లు కట్టడానికి ఏమీ మిగలదు. అదే చిన్న కుంట అయి, గీత సరిగ్గా ప్లాటు వెనక హద్దును తాకుతూ ఉంటే 29.5 అడుగులు పోతాయి, సగం ప్లాటు. రెండు సందర్భాల్లోనూ రిజిస్ట్రేషన్ మాత్రం 200 గజాలకూ అవుతుంది.

‘మాది పట్టా భూమి సార్, ఆక్రమణ ఎలా అవుతుంది?’ అని అడిగేవాళ్లలో చాలామంది నిజాయితీపరులే. నిజంగానే అది పట్టా. నిజాం కాలం నుంచీ చెరువు ముంపులో పట్టాలున్నాయి. నీళ్లు వెనక్కి పోయాక రైతు ఆ ఒండ్రులో పంట వేసుకునేవాడు. ఆ హక్కు ఇప్పటికీ ఉంది. భూమి ఆయనదే, అమ్ముకోవచ్చు, సాగు చేసుకోవచ్చు. మట్టి పోయడానికీ, కట్టడానికీ మాత్రం వీల్లేదు. బఫర్‌లో ఉన్న పట్టా భూమికీ అంతే, యాజమాన్యం మిగులుతుంది, నిర్మాణం కుదరదు. సర్కారు శిఖం అయితే యాజమాన్యమే ఉండదు. మీది ఈ మూడింటిలో ఏదో ముందే తేల్చుకోవాలి. నోటీసు వస్తే ఇచ్చే జవాబు, వేసే కేసు, వచ్చే ఫలితం మూడింటికీ వేరు.

ఇక కాగితాలు. హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏకు చెరువుల కోసం ప్రత్యేకంగా ఒక వెబ్‌సైట్ ఉంది. జిల్లా, మండలం, గ్రామం ఎంచుకుంటే చెరువుల జాబితా వస్తుంది. ఒక్కో చెరువుకు ఒక ఐడీ నంబరు, మ్యాపు, దాని మీద ఎఫ్‌టీఎల్ గీత, బఫర్ గీత, కింద సర్వే నంబర్లు ఉంటాయి. ఆ చెరువుకు ప్రాథమిక నోటిఫికేషన్ మాత్రమే వచ్చిందా, తుది నోటిఫికేషన్ కూడా అయిందా అన్నది ముందు చూడండి. ప్రాథమికం అంటే అభ్యంతరాలు విని మార్చే అవకాశం ఉన్న గీత. తుదిది అయితే దాన్ని కదిలించడానికి కోర్టుకు వెళ్లక తప్పదు. మ్యాపులో మీ సర్వే నంబరు కనిపించిందని భయపడాల్సిన పనిలేదు, కనిపించలేదని ఊపిరి పీల్చుకోవాల్సిన పనీ లేదు. ఒక సర్వే నంబరు పదిహేను ఎకరాలుండొచ్చు, గీత దాని ఒక మూలను తాకుతూ పోవచ్చు. మీ ప్లాటు ఆ మూలలో ఉందో, ఎదుటి మూలలో ఉందో లేఅవుట్ ప్లానును మ్యాపు మీద పెట్టి చూస్తే తప్ప తెలియదు.

ఆ పెట్టి చూడటంలోనే తప్పులు దొర్లుతాయి. ఊరి నక్షా, అంటే సర్వే మ్యాపు, చాలా పాతది. దాన్ని స్కాన్ చేసి ఉపగ్రహ చిత్రం మీద సరిపెట్టినప్పుడు కొన్ని మీటర్ల తేడా మామూలుగానే వస్తుంది. 9 మీటర్ల బఫర్‌లో ఐదారు మీటర్ల తేడా చిన్నది కాదు. అందుకని నక్షాలో మారని గుర్తులు పట్టుకోండి. కట్ట రెండు కొసలు, తూము, మూడు గ్రామాల హద్దులు కలిసే రాయి, పాత బావి. వాటిలో కనీసం మూడింటి దగ్గర డీజీపీఎస్ (సర్వేకు వాడే కచ్చితమైన జీపీఎస్) రీడింగ్ తీసుకుని నక్షాను సరిపెట్టమని సర్వేయర్‌కు చెప్పండి. ఫోన్‌లోని జీపీఎస్ ఈ పనికి రాదు.

పాత రికార్డుల్లో సేత్వార్ (మొదటి సర్వే నాటి భూముల రికార్డు), 1954-55 ఖాస్రా పహాణీ (ఊరి భూముల వివరాల రికార్డు) తప్పకుండా తీయించండి. అందులో ఆ సర్వే నంబరు ఎదురుగా శిఖం, కుంట, నాలా వంటి మాట ఏదైనా ఉందా చూడాలి. తర్వాతి పహాణీల్లో ఆ మాట మాయమైతే, ఏ సంవత్సరంలో, ఏ ఉత్తర్వుతో మాయమైందో అమ్మేవాళ్లను అడగండి. జవాబు లేకపోతే ఆ భూమి వద్దు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో 22-ఎ నిషేధిత జాబితా, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా కూడా చూడాలి. అయితే ఆ జాబితాలో లేనంత మాత్రాన ఎఫ్‌టీఎల్‌లో లేనట్టు కాదు. పట్టా భూములు చాలావరకు ఆ జాబితాలోకి రావు.

చాలామంది నమ్మే మరికొన్ని కాగితాలున్నాయి. ఇంటి పన్ను రసీదు, కరెంటు మీటరు, బ్యాంకు లోను, ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) దరఖాస్తు నంబరు. వీటిలో ఏ ఒక్కటీ ఎఫ్‌టీఎల్ గురించి ఏమీ చెప్పదు. ఎల్‌ఆర్‌ఎస్ 2020లో డబ్బు కట్టిన రసీదు ఉన్నా, చెరువు ఎఫ్‌టీఎల్‌లో ఉన్న ప్లాటు క్రమబద్ధీకరణకు అర్హం కాదు. భవన అనుమతి మీద కూడా పూర్తిగా ఆనుకోకండి. 2020 చట్టంతో వచ్చిన ఆన్‌లైన్ భవన అనుమతుల విధానం టీఎస్-బీపాస్ (తర్వాతి పేరు టీజీ-బీపాస్)లో 75 గజాల లోపు ప్లాటులో జీ ప్లస్ వన్‌కు అనుమతే అక్కర్లేదు, రిజిస్టర్ చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల దాకా, 10 మీటర్ల ఎత్తు దాకా సొంత ధ్రువీకరణతో వెంటనే అనుమతి వచ్చేస్తుంది. అంటే నా ప్లాటు చెరువులో లేదు, బఫర్‌లో లేదు అని సంతకం పెట్టేది దరఖాస్తుదారే. ఆ మాట తప్పని తేలితే అనుమతి రద్దవుతుంది, నోటీసు లేకుండానే కూల్చే అధికారాన్ని ఆ చట్టమే ఇచ్చింది. వేగం మంచిదే. కానీ చెరువు దగ్గరి ప్లాట్లకు ఈ వేగం కొన్నవాడి మెడకు చుట్టుకుంది. కనీసం ఎఫ్‌టీఎల్ మ్యాపులో గీతకు వంద మీటర్ల లోపున్న సర్వే నంబర్లనైనా ఈ పద్ధతి నుంచి తప్పించి, ఇంజనీరు వచ్చి చూశాకే అనుమతి ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం.

ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని అధికారులిచ్చే పత్రం) ఉందంటే దాని జిరాక్సు ఒక్కటే తీసుకుని ఊరుకోకండి. ఎన్‌ఓసీ వెనక ఇరిగేషన్, రెవెన్యూ వాళ్లు కలిసి చేసిన జాయింట్ ఇన్‌స్పెక్షన్ రిపోర్టు, దానికి జతచేసిన స్కెచ్ ఉండాలి. వాటిలో అలుగు మట్టం రాశారా, ప్లాటు నుంచి గీతకు దూరం మీటర్లలో రాశారా చూడండి. ‘ముంపులో లేదు’ అని ఒక్క వాక్యం రాసి ఊరుకున్న ఎన్‌ఓసీ రేపు నిలబడదు. అమ్మేవాళ్లు ఇవ్వకపోతే సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి అడగండి, 30 రోజుల్లో ఇవ్వాలి. ఆ నెల రోజులు ఆగలేనంత తొందర పెడుతున్నారంటే అనుమానించాల్సిందే.

కాగితాలన్నీ అయ్యాక నేల మీదికి వెళ్లాలి. నాకైతే అన్నిటికంటే దీని మీదే నమ్మకం. ఆటో లెవెల్ (నేల ఎత్తుపల్లాలు కొలిచే పరికరం) ఉన్న సర్వేయర్‌ను వెంటబెట్టుకుని ముందు అలుగు దగ్గరికి వెళ్లండి. లెక్క కోసం అలుగు అంచు మట్టాన్ని 100.00 మీటర్లు అనుకోండి. అక్కడి నుంచి ప్లాటు దాకా మట్టం మోసుకురావాలి. పరికరం నిలబెట్టిన ఒక్కో చోట, అంటే ఒక్కో సెటప్‌లో, వెనక్కీ ముందుకూ నలభై, యాభై మీటర్లు సమానంగా ఉంచితే అర కిలోమీటరుకు ఐదారు సెటప్‌లు పడతాయి. వచ్చిన దారిన మళ్లీ అలుగు దాకా వెళ్లి ముగించమనండి. తేడా రెండు మూడు సెంటీమీటర్లు వస్తే పర్వాలేదు, పదిహేను వస్తే మళ్లీ చేయాల్సిందే.

ప్లాటు దగ్గర పైనేల మట్టం 100.30 వచ్చిందనుకోండి. అలుగు కంటే ముప్పై సెంటీమీటర్లు ఎత్తు, బాగానే ఉంది అనిపిస్తుంది. అక్కడ ఆగొద్దు. ప్లాటు మూలలో ఐదారడుగుల గుంత తవ్వించండి. పైన మొరం, కంకర, కూల్చిన ఇళ్ల ఇటుక ముక్కలు, సిమెంటు పెచ్చులు, అక్కడక్కడా ప్లాస్టిక్ కవర్లు కనిపిస్తాయి. నాలుగైదు అడుగుల తర్వాత గడ్డపార మెత్తగా దిగిపోయి, జిగటగా, కాస్త బురద వాసనతో నల్లమట్టి వస్తే అది చెరువు ఒండ్రు. ఒక్కోసారి అందులో చిన్న నత్తగుల్లలూ ఉంటాయి. ఆ నల్లమట్టి పైభాగాన్ని కొలవండి. అది 98.80 ఉంటే అసలు నేల అలుగు కంటే మీటరుం పావుకు కాస్త తక్కువ లోతులో ఉన్నట్టు. మీరు నిలబడింది ఎఫ్‌టీఎల్ లోపల, ఒకటిన్నర మీటర్ల పోసిన మట్టి మీద. మట్టి పోసినంత మాత్రాన గీత జరగదు. హద్దు లెక్కించేది పోయకముందున్న నేలను బట్టి.

అలుగును కూడా జాగ్రత్తగా చూడండి. చెరువును చిన్నది చేయాలనుకునేవాళ్లు మొదట చేసేది అలుగును కొట్టేయడం. రాత్రికి రాత్రి మధ్యలో రెండు మూడడుగుల లోతు గండి పెడితే నీళ్లు అంతకు మించి నిలవవు, చెరువు వెనక్కి జరిగినట్టు కనిపిస్తుంది. కట్టడంలో కొత్తగా పగిలిన రాయి, రెండు వైపులా ఎత్తు తేడా, పాత నీటి మరక గీత ఇప్పటి అంచు కంటే పైన ఉండటం దీనికి ఆనవాళ్లు. అలాంటప్పుడు ఇరిగేషన్ రికార్డులో ఉన్న అలుగు మట్టమే తీసుకోవాలి. దీనికి ఎదురు కూడా జరుగుతుంది. అలుగు కింద కాలువను మూసి ఇళ్లు కట్టేస్తే నీళ్లు పోయే దారి లేక ఎగువ కాలనీలు మునుగుతాయి. ఎగువవాళ్ల ప్లాటు ఎఫ్‌టీఎల్ బయటే ఉంటుంది, నీళ్లు మాత్రం ఇంట్లోకి వస్తాయి. మన చెరువులు గొలుసుకట్టు. ఒకదాని అలుగు నీళ్లు ఇంకోదానికి వెళ్లాలి. ఒక్క కాలువ మూసుకుపోతే పైనున్న చెరువు కట్టమీద బరువు పడుతుంది. 2020 అక్టోబరు వానల్లో గగన్‌పహాడ్ అప్ప చెరువు, బాలాపూర్ గుర్రం చెరువు కట్టలు తెగితే ఏం జరిగిందో హైదరాబాద్ చూసింది.

పాత ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి. గూగుల్ ఎర్త్‌లో టైమ్‌లైన్ వెనక్కి జరిపి, పెద్ద వానలు పడ్డ సంవత్సరాల చివరి నెలలు చూడండి. 2016 సెప్టెంబరు తర్వాతవి, 2020 అక్టోబరు తర్వాతవి. ఏప్రిల్, మే చిత్రాలతో పనిలేదు. 2016లో నిజాంపేట బండారి లేఅవుట్ ఎలా మునిగిందో గుర్తున్నవాళ్లకు ఈ సలహా ఎందుకో అర్థమవుతుంది.

ఇక అమలు సంగతి. హైడ్రా పరిధి ఔటర్ రింగ్ రోడ్డు దాకా. మొదట్లో దానికి సొంత చట్టబద్ధ అధికారం లేదన్న వాదన కోర్టులో వచ్చింది. 2024 అక్టోబరులో ఆర్డినెన్స్ ద్వారా జీహెచ్‌ఎంసీ చట్టంలో 374-బీ సెక్షన్ చేర్చారు. రోడ్లు, నాలాలు, చెరువులు, పార్కులు వంటి ఆస్తుల రక్షణకు ప్రభుత్వం ఏ సంస్థకైనా అధికారం అప్పగించవచ్చని దాని సారాంశం. కాబట్టి హైడ్రాకు అధికారమే లేదు అన్న వాదన మీద ఇప్పుడు ఆశ పెట్టుకోవద్దు. పద్ధతి పాటించారా లేదా అన్న ప్రశ్నకు మాత్రం బలముంది. అమీన్‌పూర్‌లో ఆదివారం చేసిన కూల్చివేత మీద 2024 సెప్టెంబరు చివర్లో హైకోర్టు గట్టిగానే నిలదీసింది. సెలవు రోజున కూల్చితే మనిషికి కోర్టు తలుపు తట్టే దారే ఉండదు.

2024 నవంబరు 13న సుప్రీంకోర్టు కూల్చివేతలకు దేశమంతటికీ నిబంధనలు పెట్టింది. రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు, గోడకు అంటించడం, 15 రోజుల గడువు, యజమాని వాదన వినడం, కారణాలతో ఉత్తర్వు, ఆ తర్వాత మరో 15 రోజులు, కూల్చేటప్పుడు వీడియో. వాట్సాప్‌లో ఇది బాగా తిరిగింది, కానీ అందులోని మినహాయింపు తిరగలేదు. రోడ్డు, ఫుట్‌పాత్, రైల్వే లైను పక్కన, నది, నీటి వనరుల్లో ఉన్న అనధికార కట్టడాలకు ఈ నిబంధనలు వర్తించవని అదే తీర్పు చెప్పింది. చెరువులో కట్టినవాళ్లు 15 రోజుల గడువు మీద ధీమా పెట్టుకోలేరు. బఫర్‌లోని పట్టా ఇల్లు ఆ మినహాయింపులోకి వస్తుందా అన్నది మాత్రం లాయరు వాదించదగ్గ అంశం. రాష్ట్ర చట్టాల్లోని నోటీసు నిబంధనలు వాటికవే ఉన్నాయి.

నోటీసు వస్తే మొదట చూడాల్సింది ఏ చట్టం కింద వచ్చిందన్నది. భూ ఆక్రమణల చట్టం 1905 సెక్షన్ 7 అయితే అది సర్కారు భూమి అని వాళ్ల వాదన, మీ జవాబు యాజమాన్యం మీద ఉండాలి. వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టమో, భవన నిబంధనలో అయితే గీత ఎక్కడన్నదే గొడవ. గడువు లోపు రాతపూర్వకంగా జవాబిచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. జవాబులో మూడు అడగండి. చెరువు తుది నోటిఫికేషన్ కాపీ, వాళ్లు వాడిన మ్యాపు, మీ సమక్షంలో జాయింట్ సర్వే. సర్వేకు తేదీ ఇస్తే మీ సర్వేయర్‌ను తప్పకుండా నిలబెట్టండి, మీరొక్కరే వెళ్లి చూస్తూ ఉంటే లాభం లేదు. పంచనామా మీద సంతకం అడిగితే, ఒప్పుకోని అంశాన్ని దాని మీదే రాసి సంతకం పెట్టండి.

చెరువులను కాపాడాల్సిందేనన్నది నా మాట. అంబర్‌పేట బతుకమ్మ కుంటను మట్టి తవ్వి మళ్లీ నీళ్లకు తెచ్చి, 2025 సెప్టెంబరులో బతుకమ్మ పండక్కి తెరిచినప్పుడు ఎంత సంతోషమో. కానీ క్రమం తప్పింది. చెరువుల రక్షణ కమిటీ 2010లోనే వేశారు. అన్ని చెరువులకూ తుది నోటిఫికేషన్ ఇచ్చి, గీత వెంట రాళ్లు పాతి, ఆ సర్వే నంబర్ల మీద రిజిస్ట్రేషన్ ఆఫీసులో హెచ్చరిక పెట్టి, ఆ తర్వాత కూల్చి ఉంటే సగం కన్నీళ్లు తప్పేవి. ఎన్‌ఓసీ మీద సంతకం పెట్టిన అధికారి పేరు కూల్చివేత ఉత్తర్వులో ఉండాలి. అది లేనన్నాళ్లూ తప్పుడు సంతకం ఆగదు.

వెంచర్ వాళ్ల నుంచి డబ్బు రాబట్టాలంటే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం చూడండి. 500 చదరపు మీటర్లు దాటిన ప్రాజెక్టుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి, అప్పుడు వాళ్లు అప్‌లోడ్ చేసిన ప్లానులు, ఎన్‌ఓసీలు రెరా వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. బ్రోషర్‌లో తప్పు చెప్పి అమ్మితే సెక్షన్ 12, భూమి హక్కులోనే లోపముంటే సెక్షన్ 18(2). ఈ రెండో దానికి కాలపరిమితి అడ్డు రాదు. బ్రోషర్, వాట్సాప్ మెసేజ్‌లు, ‘లేక్ వ్యూ’ అని వేసిన ప్రకటన, డబ్బు కట్టిన రసీదులు ఏవీ పారేయకండి. మీ చెరువు అలుగు పగలగొట్టినా, కాలువ మూసినా హైడ్రా సోమవారం ప్రజావాణిలో ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఫొటోలతో పాటు చెరువు ఐడీ నంబరు, సర్వే నంబరు, లొకేషన్ రాసివ్వండి.